ఆపి ఉంచిన కారు వెనుక బ్రేకుల్లో కిర్రుచప్పుడు: కారణాలు, పరిష్కారం

సమస్య

కారు ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఇంజను కట్టేశాక, వెనుక సీటులోని వారు దిగుతున్నప్పుడో డిక్కీలో సామాను పెడుతున్నప్పుడో వెనుక చక్రాల దగ్గర నూనె పడని తలుపు బందులా కిర్రుమని శబ్దం వస్తుంది. కారు నడుస్తున్నప్పుడు మాత్రం ఏ చప్పుడూ ఉండదు.

బ్రేకా, సస్పెన్షనా?

శబ్దం బ్రేకుదా, గతుకుల అదురును తట్టుకునే సస్పెన్షన్‌దా అని ముందు తేల్చుకోకుండా గ్యారేజీకి వెళితే, అవసరం లేని బుష్‌లు (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు తొడుగులు) మార్పించుకోవలసి రావచ్చు. చదునైన నేల మీద కారును మొదటి గేరులో ఉంచి, ముందు చక్రాలకు ఇరువైపులా ఇటుకలు ఆనించి, హ్యాండ్‌బ్రేకు దించి, డిక్కీ వైపు రెండు చేతులతో నొక్కి వదలండి. తరువాత హ్యాండ్‌బ్రేకు లాగి మళ్లీ నొక్కండి. రెండోసారి మాత్రమే కిర్రుమంటే శబ్దం బ్రేకుదే. రెండుసార్లూ వస్తే వెనుక యాక్సిల్ (ఇరుసు) బుష్‌లను, షాక్ అబ్సార్బర్ల బిగింపులను చూపించాలి.

కారణం

మన చిన్న కార్లలో చాలావాటికి వెనుక డ్రమ్ బ్రేకులే ఉంటాయి. వీటిలో చక్రంతోపాటు తిరిగే డ్రమ్‌ను షూలు లోపలి నుంచి ఒత్తి ఆపుతాయి. బరువు పెరిగి కారు వెనుక భాగం కిందికి దిగినప్పుడు యాక్సిల్‌ను పట్టి ఉంచే చేతుల్లాంటి కడ్డీలు కొద్ది కోణంలో తిరుగుతాయి. వాటితోపాటు బ్రేకు షూలు అమర్చిన వెనుక పళ్లెమూ తిరుగుతుంది. టైరు నేలను పట్టుకొని ఉండడం వల్ల డ్రమ్ కదలదు. అందువల్ల షూ డ్రమ్ మీద రవ్వంత జారి, ఆగి, మళ్లీ జారుతుంది. ఆ జారుడే కిర్రుచప్పుడు. షూల అంచులు పళ్లెం మీద ఆనే చోట గ్రీజు ఎండిపోయినా, లోపల దుమ్ము పేరుకున్నా అది ఇంకా పెద్దదవుతుంది.

పరిష్కారం

ఎప్పుడో ఒకసారి మెల్లగా వినిపించే శబ్దానికి మరమ్మతు అక్కరలేదు. రోజూ వినిపిస్తుంటే డ్రమ్ములు విప్పించి, దుమ్మును బ్రేకు క్లీనర్‌తో కడిగించి, షూలు పళ్లేన్ని తాకే చోట్ల మాత్రమే వేడికి కరగని బ్రేకు గ్రీజు పలుచగా రాయించాలి. దుమ్మును గాలి గొట్టంతో ఊదించకండి. పాత లైనింగుల్లో (షూల మీది రాపిడి పొరల్లో) ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. గ్రీజు లైనింగుకు అంటితే ఆ షూలు పనికిరావు, రెండు చక్రాలకూ కొత్తవి వేయించుకోవాలి. చక్రం సందులోంచి నూనె చల్లమని సలహా ఇచ్చేవారూ ఉంటారు. కిర్రు మానుతుంది, దానితోపాటు బ్రేకూ మానుతుంది.

వానలో తడిసిన కారును, లేదా నీళ్లతో కడిగిన కారును వెంటనే హ్యాండ్‌బ్రేకు వేసి రాత్రంతా ఉంచితే షూలు తుప్పుతో డ్రమ్‌కు అతుక్కొని, ఉదయం కదిలించగానే టక్కున ఊడుతాయి. ఆపే ముందు కొంత దూరం బ్రేకును తేలికగా తొక్కుతూ నడిపితే తడి ఆరుతుంది. చదునైన చోట చాలా రోజులు వదిలి వెళ్లేటప్పుడు గేరులో ఉంచి, చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్‌బ్రేకు దించి వెళ్లడం మేలు.

ఘాట్ రోడ్డు దిగి ఆపిన వెంటనే వినిపించే టిక్ టిక్ శబ్దాలు సైలెన్సర్, బ్రేకు డిస్కులు చల్లారుతూ ముడుచుకోవడం వల్ల వచ్చేవి. కొద్ది నిమిషాల్లో అవే ఆగిపోతాయి. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు (మోటారుతో బిగిసే హ్యాండ్‌బ్రేకు) ఉన్న కొన్ని కార్లలో చల్లారిన డిస్కును బిగించడానికి మోటారు తనంతట తాను మళ్లీ తిరగడమూ మామూలే.

ఇలా ఉంటే ఆలస్యం చేయకండి

వాలులో కిర్రుమంటూ కారు అంగుళమైనా జరుగుతుంటే బ్రేకు పట్టు చాలడం లేదని అర్థం. హ్యాండ్‌బ్రేకు కేబులు, షూల అమరిక వెంటనే సరిచేయించాలి. కొద్ది దూరం నడిపాక ఒక వెనుక చక్రం మాత్రమే వేడెక్కి కాలిన వాసన వేస్తే ఆ వైపు కేబులు బిగుసుకుపోయి ఉండవచ్చు. చక్రం లోపలి వైపు తడిగా కనిపిస్తే అది షూలను తోసే వీల్ సిలిండర్ నుంచి కారే బ్రేకు ద్రవం కావచ్చు. అలాంటప్పుడు కారును నడిపి తీసుకువెళ్లకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించుకోండి.