గిన్నె నిండుగా కనిపిస్తే నమ్మకండి
ఇంట్లో బడ్జీలు (చిలకజాతి చిన్న పిట్టలు) పెంచేవాళ్ళకి ఒక మాట. ఇవి కొర్రగింజను అలాగే మింగవు, ముక్కుతో పొట్టు ఒలిచి లోపలి పలుకే తింటాయి. ఆ పొట్టు మళ్ళీ గిన్నెలోనే పడుతుంది. పైనుంచి చూస్తే గింజలు నిండా ఉన్నట్టే ఉంటాయి, అడుగున ఏమీ ఉండదు. మనం ఊరెళ్తూ పక్కింటివాళ్ళకి పిట్టల్ని అప్పగించినప్పుడు ఎక్కువగా జరిగేది ఇదే. రోజూ పొద్దున్నే గిన్నె బయటికి తీసి మెల్లగా ఊదండి, పొట్టు ఎగిరిపోయి అసలు గింజలెన్నో తెలుస్తాయి. (బాల్కనీలో ఊదండి, లేకపోతే ఇంట్లో చీవాట్లు ఖాయం.) నీళ్ళ గిన్నె మాత్రం రోజూ కడిగే నింపాలి. పిట్ట ఈకలు ఉబ్బించుకుని పగలంతా మూల కూర్చుంటే రేపు చూద్దాంలే అనుకోకండి. ఇవి జబ్బును చివరిదాకా బయటపడనివ్వవు, వెంటనే పక్షుల డాక్టరుకి చూపించండి.