పిల్లలకు చదువు మీద ధ్యాస నిలవకపోతే: సమస్య - పరిష్కారం

"తెలివి ఉంది సార్, ధ్యాసే లేదు. చెప్తే ఇనడు." ట్యూషన్‌లో చేర్చడానికి వచ్చే తల్లిదండ్రుల్లో సగం మంది ఇదే మాట అంటారు. కొందరైతే ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) అని ఫోన్‌లో చదివేసి, ఖాయం చేసుకుని మరీ వస్తారు. ఫోన్ పక్కన పెట్టాలని, చదివే గదిలో టీవీ ఉండకూడదని ఇక్కడ మళ్లీ చెప్పను. అవి చేశాక కూడా కుదరనివాళ్ల కోసమే ఇది.

పుస్తకం తీయగానే ఆవలింతలు, పొద్దున మందకొడి, సాయంత్రం చిరాకు

కారణం నిద్ర. "బాగానే పడుకుంటాడు" అంటారు తప్ప గంటలు ఎవరూ లెక్కపెట్టరు. హైదరాబాద్‌లో మాదాపూర్ ఆఫీసు నుంచి నాన్న ట్రాఫిక్ దాటుకుని వచ్చేసరికి తొమ్మిదిన్నర. అందరూ కలిసి తినేసరికి పది, మంచం ఎక్కేసరికి పదకొండు. ఏడింటికి స్కూల్ బస్సు కాబట్టి ఆరింటికి లేపుతారు. అంటే ఏడు గంటలు. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటలు కావాలి. నాన్న కోసం ఆపకుండా ఎనిమిదికే అన్నం పెట్టేసి, తొమ్మిదికి పడుకోబెట్టండి. రెండు వారాలు ఇలా చేయకుండా ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు అడిగేది ఇదే.

బోర్డు మీదది రాయడంలో తప్పులు, పక్కవాడి నోట్సులోకి తొంగిచూడడం

కళ్లు. పరీక్ష చేయించండి, ఏడాదికోసారి మళ్లీ చూపించండి. మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది.

ఒక రోజు చక్కగా వింటాడు, ఇంకో రోజు గోడకు చెప్పినట్టే

అసలు మోసం ఇక్కడుంది. ఈ తేడా చూసే ఇంట్లోవాళ్లు "కావాలనే పెడచెవిన పెడుతున్నాడు, చాక్లెట్ అంటే మాత్రం వినపడుతుంది" అని తేల్చేస్తారు. చాక్లెట్ అన్న మాట వినపడకపోయినా పెదాలు చూసి పట్టేస్తారు పిల్లలు. అది పరీక్ష కాదు.

ముక్కు వెనక నుంచి చెవి లోపలికి సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది. పిల్లల్లో అది పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది కాబట్టి జలుబు చేస్తే తొందరగా మూసుకుపోతుంది. అప్పుడు కర్ణభేరి వెనక గాలి ఉండాల్సిన చోట నీరు చేరుతుంది. చెవి కారదు, జ్వరం ఉండదు, చాలాసార్లు నొప్పి కూడా ఉండదు. మాట పూర్తిగా ఆగిపోదు, ముద్దగా వినపడుతుంది. ఇంట్లో ఎదురుగా కూర్చుని చెబితే అందుతుంది. క్లాసులో నలభై మంది గోల, ఫ్యాన్ల చప్పుడు మధ్య సగం జారిపోతుంది. మెల్లగా వచ్చిన తేడా కాబట్టి చెవి దిబ్బడ వేసిందని వాడికీ తెలియదు. నీరు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది గనక ఒక రోజు ఉన్నట్టు ఇంకో రోజు ఉండదు.

మూడో క్లాసు పాప ఒకామె డిక్టేషన్‌లో ముందు వరసలో కూర్చుంటే పదికి తొమ్మిది, వెనక కూర్చుంటే నాలుగు తెచ్చుకునేది. స్కూల్లో నిలబెట్టారు, ఇంట్లో తిట్టారు. చివరికి చూస్తే రెండు చెవుల్లోనూ నీరే.

ఇంట్లో ఇలా చూడండి. వాడు ఆటలో ఉన్నప్పుడు వెనక నుంచి, నాలుగైదు అడుగుల దూరంలో, మామూలు గొంతుతో, వాడు ఊహించని రెండు పనులు కలిపి చెప్పండి: "ఎర్ర బకెట్ బయటపెట్టి, దువ్వెన తీసుకురా." జలుబు తగ్గిన వారాల్లో వేర్వేరు రోజుల్లో చేయండి. మాటిమాటికీ "ఆఁ?" అంటున్నా, టీవీ సౌండ్ పెంచుతున్నా, నోరు తెరిచి గురక పెడుతున్నా అనుమానించాల్సిందే. అయితే ఇంట్లో బాగానే తేలింది కదా అని వదిలేయకండి.

ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర గులిమి మాత్రం చూపించుకుని వచ్చేయకండి. వినికిడి పరీక్ష, టింపనోమెట్రీ రెండూ అడగండి. టింపనోమెట్రీ అంటే కర్ణభేరి ఎంత కదులుతోందో చూడడం, నిమిషాల్లో అయిపోతుంది. కోఠీలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. ఎక్కువమందికి మూడు నెలల్లోపు నీరు దానంతటదే పోతుంది, కాబట్టి డాక్టర్ ఆగి మళ్లీ చూద్దామంటే కంగారు పడకండి. తగ్గకుండా వినికిడి దెబ్బతింటుంటే కర్ణభేరిలో చిన్న గొట్టం పెడతారు. వెల్లుల్లి నూనె మాత్రం పోయకండి. నీరు ఉన్నది కర్ణభేరి వెనక, నూనె అక్కడికి చేరదు.

ఈలోగా ముందు బెంచీ అడగండి. ముందు పేరు పెట్టి పిలిచి, వాడు మీ వైపు తిరిగాకే విషయం చెప్పండి. చెవి బాగయ్యాక కూడా వినకుండా ఉండే అలవాటు కొంతకాలం మిగులుతుంది. రోజూ పది నిమిషాలు కథ చదివి ఒక్క ప్రశ్న అడగండి. అష్టాచెమ్మా ఆడించినా మంచిదే, తన వంతు కోసం కాచుకుని ఉండాలి కదా. లెక్చర్లు వద్దు.

మిగతావి

పాలిపోయి, త్వరగా అలిసిపోతుంటే రక్తపరీక్ష చేయించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. మాట మధ్యలో కొన్ని సెకన్లు కళ్లు నిలిపేసి, పిలిచినా పలకకుండా, మళ్లీ ఏమీ జరగనట్టు కొనసాగిస్తుంటే వీడియో తీసి న్యూరాలజిస్టుకు చూపించండి. అరుదే, కానీ ఆలస్యం చేయొద్దు. థైరాయిడ్ లాంటివి డాక్టర్‌కు వదిలేయండి.

ఇవన్నీ సరిచూశాక కూడా ఇంట్లోనూ, స్కూల్లోనూ ఆరు నెలలకు పైగా అదే తీరైతే అప్పుడు ఏడీహెచ్‌డీ గురించి పిల్లల మానసిక వైద్యుణ్ని అడగండి. ఒక్క చోటే ఉంటే చాలదు, 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి. వెళ్లేటప్పుడు చెవి, కంటి రిపోర్టులతో పాటు క్లాస్ టీచర్ చేత రెండు ముక్కలు రాయించి తీసుకెళ్లండి.