నిలకడగా కొలతకు వచ్చే మందు

కొత్త తుపాకి మందు డబ్బా మూత తీసిన రోజున నేను ఒక్క తూటా కూడా నింపను. ఆ సాయంత్రమంతా కొలతకే పోతుంది. పౌడర్ మెజర్ అనే కొలత పరికరంలో మందు పోసి, పిడి ఎత్తి దించి, పళ్లెంలో పడినదాన్ని తూచి, నోటుపుస్తకంలో అంకె రాసి, మళ్లీ పైన పోస్తాను. ఇలా ముప్పై నలభై సార్లు చేశాక గాని ఆ మందు నా బల్ల మీద ఎలా నడుచుకుంటుందో నాకు తెలియదు. నా దగ్గర ఒక 9 ఎంఎం పిస్టల్, ఒక .38 స్పెషల్ రివాల్వర్, ఒక .223 రైఫిల్ ఉన్నాయి. మూడూ కాగితపు గురి మీద కాల్చడానికే. మూడింటికీ మందును ఎంచుకునే పద్ధతి మాత్రం వేరువేరు. ఎందుకు వేరో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఇంట్లో తూటాలు నింపుకోవడం కొన్ని దేశాల్లో మామూలు అభిరుచి, కొన్నిచోట్ల లైసెన్సు కావాలి, కొన్నిచోట్ల పూర్తిగా నేరం. మీరున్న చోట చట్టం ఏమంటుందో ముందు తెలుసుకోండి. ఏ తూటాకు ఎంత మందు అన్నది నేను ఇక్కడ రాయను. అది మందు తయారీదారు ప్రచురించిన మాన్యువల్ నుంచే రావాలి, అందులోనూ కనిష్ఠం దగ్గర మొదలుపెట్టాలి. స్నేహితుడు చెప్పిన అంకె, ఎక్కడో చదివిన అంకె, చివరికి నా అంకె అయినా సరే, మాన్యువల్‌కు సాటిరావు.

మొదట అర్థం చేసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. మాన్యువల్ బరువు చెబుతుంది, పౌడర్ మెజర్ ఘనపరిమాణం కొలుస్తుంది. దాని లోపల తిరిగే డ్రమ్‌కు ఒక గుంట ఉంటుంది. పిడి ఎత్తితే ఆ గుంట నిండుతుంది, దించితే కేసులో, అంటే తూటా ఇత్తడి డొప్పలో, ఖాళీ అవుతుంది. గుంట పరిమాణాన్ని స్క్రూతో ఒకసారి సర్దాక అది మారదు. అందులో గింజలు ఎంత ఒత్తుగా సర్దుకున్నాయన్నదే ప్రతిసారీ మారుతుంది. సన్నని ఇసుకను ఒక గిన్నెతో పదిసార్లు కొలవండి, పదిసార్లూ దాదాపు ఒకే బరువు వస్తుంది. అదే గిన్నెతో మేకులను కొలవండి. ఒకసారి అవి పక్కపక్కన పడుకుంటాయి, ఇంకోసారి అడ్డదిడ్డంగా నిలబడి మధ్యలో ఖాళీలు వదులుతాయి. ఎండుటాకులైతే చెప్పనక్కరలేదు. మందుల్లో ఈ మూడు రకాలూ ఉన్నాయి.

ఇసుకలాంటివి గుండ్రటి గింజల మందులు, వీటినే బాల్ పౌడర్లు అంటారు. 1933లో వెస్టర్న్ కార్ట్రిడ్జ్ కంపెనీలో ఫ్రెడ్ ఓల్సెన్ ఈ తయారీ పద్ధతిని రూపొందించాడు. నైట్రోసెల్యులోజ్‌ను ద్రావకంలో కరిగించి, నీటిలో చిన్నచిన్న బొట్లుగా విడగొట్టి, ఆ బొట్లను గట్టిపరుస్తారు. కొన్నిటిని తర్వాత రోలర్ల మధ్య నొక్కి బిళ్లల్లా చేస్తారు. హాడ్జ్‌డన్ హెచ్‌పీ-38, టైట్‌గ్రూప్, అక్యురేట్ నంబర్ 5, రైఫిల్‌కు హెచ్335, ఇవన్నీ ఈ కోవలోవే. హెచ్‌పీ-38, వించెస్టర్ 231 పేర్లు వేరైనా మందు ఒకటే. మెజర్‌లో వీటి నడక చూస్తే ముచ్చటేస్తుంది. నీళ్లలా జారుతాయి.

మేకుల్లాంటివి కడ్డీ మందులు. ఐఎంఆర్ 4064 గింజలు బాగా పొడవు. పిడి ఎత్తినప్పుడు డ్రమ్ అంచు ఒక గింజను కోస్తే చేతికి కరకరమని తెలుస్తుంది. అలా తెలిసిన ప్రతిసారీ ఆ కొలతను నేను తిరిగి హాపర్‌లో, అంటే మెజర్ పైనున్న మందు గిన్నెలో, పోసేస్తాను. గింజ తెగడం పెద్ద విషయం కాదు, కాని ఆ తడబాటులో గుంట నిండిన తీరు మారిపోతుంది. కడ్డీ మందులన్నీ ఇలాంటివే అనుకోకండి. ఐఎంఆర్ 8208 ఎక్స్‌బీఆర్ గింజలు చాలా పొట్టివి, మెజర్‌లో చక్కగా జారుతాయి. వార్గెట్ ఈ రెండింటికీ మధ్య ఉంటుంది.

ఆకుల్లాంటివి రేకు మందులు. అలయెంట్ యునిక్ పేరు వినని పిస్టల్ షూటర్ ఉండడు. ఎన్నో తూటాలకు పనికొస్తుంది, ఎంతో కాలంగా నమ్మకం సంపాదించుకుంది. అయినా దాని వెడల్పాటి రేకులు చిన్న గుంటలోకి ఒకేలా దిగవు. బుల్స్‌ఐ రేకులు మరింత సన్నం కాబట్టి దాని పరిస్థితి కొంత మెరుగు.

ఇంతవరకు చదివాక, అయితే గుండ్రటి మందే కొనేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ఇక్కడ రెండు లెక్కలు అడ్డువస్తాయి.

మొదటి లెక్క నిష్పత్తిది. మందును గ్రెయిన్లలో తూస్తాం. ఒక గ్రెయిన్ అంటే దాదాపు 64.8 మిల్లీగ్రాములు, ఒక పౌండుకు 7000 గ్రెయిన్లు. పిస్టల్ తూటాలో 4 గ్రెయిన్ల మందు ఉందనుకోండి, అందులో 0.1 తేడా అంటే నూటికి రెండున్నర వంతు. పెద్ద రైఫిల్ తూటాలో 40 గ్రెయిన్లు ఉంటే అదే 0.1 తేడా నూటికి పావు వంతు మాత్రమే. కాబట్టి పిస్టల్ మందుకు జారే గుణం ప్రాణం. రైఫిల్ మందుకు అది సౌకర్యం, అంతే. పొడుగు కడ్డీల మందు నా రైఫిల్‌లో బుల్లెట్లను గురి మీద దగ్గరదగ్గరగా పెడుతున్నప్పుడు, మెజర్‌లో సరిగా జారడం లేదని దాన్ని వదులుకోవడం నాకు తెలివైన పనిగా తోచదు. మెజర్‌తో కావలసినదానికన్నా ఒక రెండు మూడు పదోవంతులు తక్కువగా పోసి, మిగతాది ట్రిక్లర్‌తో గింజ గింజగా పళ్లెంలోకి రాలుస్తాను. ఇరవై తూటాలకు గంట పట్టినా నాకు బాధ లేదు.

ఆ పదోవంతుల కోసం మరీ ఆరాటపడనక్కరలేదు కూడా. రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే తక్కువ దూరపు బెంచ్‌రెస్ట్ పోటీల్లో ఆరితేరినవారు చాలామంది విహ్తావూరి ఎన్133 లాంటి సన్న కడ్డీ మందును త్రాసు మీద పెట్టకుండా, మెజర్ నుంచి నేరుగా కేసులో పోస్తారు. గుళ్లన్నీ ఒకే చిరుగులోంచి పోతాయి. వాళ్ల చేతి కదలిక అంత నిలకడగా ఉంటుంది.

రెండో లెక్క కేసులో ఖాళీది. కొత్తవారు దీన్ని తరచుగా మరిచిపోతారు, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేదీ ఇదే. చక్కగా జారే గుండ్రటి మందులు చాలావరకు బరువైనవి, కొద్ది చోటులో ఇమిడిపోతాయి. .38 స్పెషల్ నల్ల తుపాకి మందు (బ్లాక్ పౌడర్) కాలపు ఆలోచనతో పుట్టిన కేసు, లోపల చోటు ఎక్కువ. టైట్‌గ్రూప్ లాంటి మందు అందులో అడుగున ఎక్కడో ఉంటుంది. పొరపాటున రెండుసార్లు పోసినా పొంగదు, బుల్లెట్ పెట్టేస్తే బయటికి ఏమీ తెలియదు. అది కాల్చినప్పుడు తుపాకీ పగలవచ్చు, చేయి పోవచ్చు. అదే కేసులో బాగా గుల్లగా ఉండే మందు సగానికి పైగా నిండుతుంది. రెండోసారి పోస్తే పొంగి బల్ల మీద పడుతుంది, కళ్లకు కనబడుతుంది. అందుకే నేర్చుకుంటున్నవారికి నేను ఇచ్చే సలహా ఇది: మాన్యువల్ ఒప్పుకున్న మందుల్లో, కేసును సగానికి మించి నింపేవాటిని ముందు ఏరండి. వాటిలో బాగా జారేదాన్ని తర్వాత ఎంచుకోండి. ఈ వరుస తిరగేయకండి. నా రివాల్వర్‌కు నేటికీ నేను యునిక్ వాడుతున్నాను. అది కేసును సగానికి మించి నింపకపోవచ్చు, రెండుసార్లు పోసినా పొంగకపోవచ్చు, కాబట్టి ప్రతి కేసులోకీ చూడాల్సిందే. కొలతలో అది పెట్టే ఇబ్బందిని ఓర్చుకుంటాను, ఎందుకంటే కేసులోకి తొంగిచూస్తే అది నాకు కనిపిస్తుంది. 9 ఎంఎం కేసు చిన్నది కాబట్టి అక్కడ హెచ్‌పీ-38.

రైఫిల్ విషయంలో గుండ్రటి మందుకు ఇంకో స్వభావం ఉంది. దహనాన్ని నెమ్మదింపజేసే పూత దాని మీద ఎక్కువగా ఉంటుంది, అంటుకోవడానికి గట్టి మంట కావాలి. అందుకే కొన్నిచోట్ల మాన్యువల్ మాగ్నమ్ ప్రైమర్ చెబుతుంది (ప్రైమర్ అంటే కేసు అడుగున ఉండి మందును అంటించే బిళ్ల, మాగ్నమ్ అంటే మంట ఎక్కువ ఇచ్చేది). చెప్పినచోట అదే వాడండి, చెప్పనిచోట మీ అంతట మీరు మార్చకండి, ప్రైమర్ మారితే పీడనమూ మారుతుంది. చాలా గుండ్రటి మందులు ఎండకూ చలికీ వేగం మార్చుకుంటాయి కూడా. వార్గెట్ లాంటి కడ్డీ మందులు ఆ విషయంలో నెమ్మదస్తులు.

ఇక పరీక్ష ఎలా చేయాలో చెబుతాను. పౌడర్ మెజర్‌ను బల్లకు బోల్టులతో గట్టిగా బిగించండి. బల్ల ఊగితే మందు సర్దుకునే తీరు ఊగుతుంది. కొత్త మెజర్ అయితే మొదటి రోజు అంకెలు నమ్మకండి. మందు గింజల మీది గ్రాఫైట్ లోపలి గోడలకు పట్టేదాకా గింజలు అంటుకుంటూ ఉంటాయి. హాపర్‌లో అడ్డుపలక తప్పకుండా పెట్టండి, పైనున్న మందు బరువు కింది గుంట మీద నేరుగా పడకుండా అది ఆపుతుంది. హాపర్ మూడింట రెండు వంతులు నిండి ఉండాలి. సగం కిందికి దిగగానే నేను మళ్లీ పోస్తాను. మొదటి పదిహేను కొలతలను చూడకుండానే వెనక్కి పోస్తాను, అప్పటికి మందు సర్దుకుంటుంది.

ఆ తర్వాత చేతి పని. పిడిని పైదాకా ఎత్తండి, ఒక క్షణం ఆగండి, కిందిదాకా దించండి. పైన తట్టే అలవాటుంటే ప్రతిసారీ తట్టండి, లేకపోతే ఎప్పుడూ తట్టకండి. ఎవరైనా మాట్లాడిస్తే నా చేతి వేగం మారుతుంది, ఆ కొలత పుస్తకంలో విడిగా కనబడుతుంది. అందుకే ఆ గదిలో పాట కూడా పెట్టను.

ముందు పది కొలతలను విడివిడిగా తూచి రాయండి. తర్వాత పదేసి కొలతలను ఒకే పళ్లెంలో పోసి తూచి, పదితో భాగించండి. రెండూ ఎందుకంటారా? ఇంటి త్రాసులు చాలావరకు 0.1 గ్రెయిన్ వరకే చూపిస్తాయి. 0.1 వరకే చూపించే త్రాసు 0.1 తేడా గురించి ఇచ్చే సాక్ష్యం బలహీనమైనది. ఆ తేడా మందుదో త్రాసుదో తెలియదు. పదింటి మొత్తంలో త్రాసు తప్పు పదో వంతుకు తగ్గిపోతుంది, సగటు తేటపడుతుంది. విడివిడి అంకెలు మాత్రం ఎక్కడైనా ఒకటి బాగా పక్కకు తప్పుకుందేమో చూపిస్తాయి. నా పుస్తకంలో హెచ్‌పీ-38 విడి అంకెలన్నీ 0.1 లోపల ఉన్నాయి. పొడుగు కడ్డీ మందు ఒకటి అర గ్రెయిన్ దాకా ఊగింది.

త్రాసు గురించి ఇంకొక్క మాట. గురిగింజ తన నలుపు ఎరగదంటారు. ఒకప్పుడు బంగారం తూచిన గింజ అది. తూచేదానికి తన తప్పు తెలియదన్నది మా బల్ల మీద అక్షరాలా నిజం. ఎలక్ట్రానిక్ త్రాసును పని మొదలుపెట్టడానికి అరగంట ముందే వెలిగించి ఉంచండి. ఫ్యాను ఆపండి, ఫోను దూరంగా పెట్టండి, త్రాసు సమతలంగా ఉందో లేదో చూడండి. మీరు తూచబోయే బరువుకు దగ్గరగా ఉండే తనిఖీ తూకపురాయి ఒకటి కొనుక్కోండి. పెద్ద రాయితో సరిచూసిన త్రాసు చిన్న బరువు దగ్గర తప్పు చెప్పవచ్చు. తెర మీద గ్రెయిన్ ఉందా గ్రామ్ ఉందా అని ప్రతి పదింటికీ ఒకసారి చూస్తాను. ఒక గ్రాము అంటే 15.4 గ్రెయిన్లు, ఆ పొరపాటుకు క్షమాపణ ఉండదు.

కేసులు నింపేటప్పుడు యాభై గుంటల చెక్కపలక వాడతాను. యాభై కేసులూ నిండాక టార్చిలైటుతో వరుస వరుసగా లోపలికి చూస్తాను. ఎక్కువ పడినది ఎంత ప్రమాదమో, అసలు పడనిది అంతే ప్రమాదం. మందు లేని తూటా పేలితే ప్రైమర్ బలానికి బుల్లెట్ గొట్టంలో కొంత దూరం పోయి ఇరుక్కోవచ్చు, దాని వెనుక ఇంకొకటి కాలిస్తే గొట్టం ఉబ్బుతుంది లేదా పగులుతుంది. కాబట్టి ఈ చూపు చూడకుండా ఒక్క బుల్లెట్ కూడా కేసు మీద పెట్టను.

బల్ల మీద ఎప్పుడూ ఒక్క డబ్బానే. ఈ నియమం నాకు నష్టంతో వచ్చింది. ఒక రాత్రి నిద్రమత్తులో హాపర్‌లో మిగిలిన పిస్టల్ మందును పక్కనున్న రైఫిల్ మందు డబ్బాలో పోశాను. రెండూ నల్లటి సన్న గింజలే, కలిశాక విడదీయడం ఎవరి తరమూ కాదు. దాదాపు నిండుగా ఉన్న డబ్బాను మర్నాడు బయట ఖాళీ నేల మీద పలుచగా పరిచి, దూరం నుంచి కాల్చేశాను. డబ్బు పోయిందన్న బాధ కన్నా, ఆ క్షణంలో గమనించకపోయి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన చాలా రోజులు వెంటాడింది. అప్పటి నుంచి పని ముగియగానే హాపర్ ఖాళీ చేసి, మందును దాని సొంత డబ్బాలోనే పోసి, మూత బిగించాకే కుర్చీలోంచి లేస్తాను. హాపర్‌లో రాత్రంతా వదిలేస్తే మందు గాలిలోని తేమను పట్టుకోవడమో ఎండిపోవడమో జరుగుతుంది. నైట్రోగ్లిజరిన్ ఉన్న మందులైతే కొన్ని ప్లాస్టిక్ హాపర్లను తినేస్తాయి కూడా.

డబ్బా తెరవగానే ఘాటైన ఆమ్లపు వాసన వచ్చినా, లోపల తుప్పురంగు పొడి కనిపించినా ఆ మందు చెడిపోతున్నట్టు. దానిని కొలవకండి, వాడకండి.

అదే పేరు, అదే కంపెనీ అయినా కొత్త లాట్ (తయారీ విడత) డబ్బా వస్తే నాకు అది కొత్త మందే. లాట్‌కూ లాట్‌కూ సాంద్రతలో కొద్ది తేడా వస్తుంది. పాత స్క్రూ గుర్తు మీదే మెజర్‌ను ఉంచినా బరువు మారుతుంది. అందుకే ప్రతి డబ్బాకూ ఒక కాగితపు పట్టీ అంటించి, తెరిచిన తేదీ, లాట్ నంబరు, స్క్రూ గుర్తు, పది కొలతల మొత్తం బరువు రాస్తాను. డబ్బా ఖాళీ అయ్యాక ఆ పట్టీని ఊడదీసి నోటుపుస్తకంలో అతికిస్తాను. ఇప్పుడు నా బల్ల మీదున్న హెచ్‌పీ-38 డబ్బాకు ఆ పట్టీలో తేదీ, లాట్ నంబరు మాత్రమే ఉన్నాయి. మిగతా రెండు గళ్లూ ఈ సాయంత్రం నింపాలి.