పీసీఓఎస్‌తో (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) పిల్లల కోసం ప్రయత్నం: అండం విడుదలకు ఇచ్చే లెట్రోజోల్ మాత్ర వేసుకునే ముందు

☐ నెలసరి రాకపోతే "నాకెప్పుడూ ఇంతేగా" అనుకోవద్దు. ముందు యూరిన్ టెస్ట్. గర్భం లేదని తేలాకే మాత్ర.

☐ ఫోలిక్ యాసిడ్ కనీసం నెల ముందు నుంచే, రోజుకు 400 మైక్రోగ్రాములు. షుగర్ ఉంటే, బరువు బాగా ఎక్కువైతే డోసు డాక్టర్ని అడగండి.

☐ షుగర్, థైరాయిడ్, బీపీ పరీక్షలు.

☐ మొటిమలకు ఐసోట్రెటినోయిన్, గడ్డం మీద వెంట్రుకలకు స్పైరోనోలాక్టోన్ వాడుతున్నారా? స్కిన్ డాక్టర్ రాసినవి గైనకాలజిస్ట్‌కు తెలియవు. చీటీలు వెంట తీసుకెళ్లండి. ఈ రెండూ గర్భంలోని బిడ్డకు హాని చేస్తాయి.

☐ భర్తకు వీర్య పరీక్ష. మన ఇళ్లలో దీన్ని అందరికంటే చివర చేయిస్తారు, ఆమె ఆరు నెలలు మాత్రలు మింగాక. రెండు నుంచి ఏడు రోజులు వీర్యస్ఖలనానికి దూరంగా ఉండి శాంపిల్ ఇస్తే చాలు, అంత సిగ్గెందుకో!

☐ ఓవ్యులేషన్ స్ట్రిప్‌నే నమ్ముకోవద్దు. పీసీఓఎస్‌లో ఆ స్ట్రిప్ పసిగట్టే ఎల్‌హెచ్ హార్మోన్ ఎప్పుడూ ఎక్కువే ఉండొచ్చు, అండం విడుదల కాకున్నా రెండో గీత ముదురుగా పడొచ్చు. ఫాలిక్యులర్ స్కాన్‌లో అండం పెరుగుదల తెలుస్తుంది. స్కాన్ రోజులకు ఆఫీసు సెలవు ముందే చూసుకోండి.

☐ వయసు 35 దాటితే, "ఇంకో ఏడాది చూద్దాం" వద్దు.