ఇంట్లో పెద్దల సంరక్షణ – 4వ పాఠం: డైపర్ వాసన చూసి యూరిన్ టెస్టుకు పరిగెత్తకండి

పోయిన పాఠంలో చెప్పిన పని చేశారా? మూడు రోజులపాటు తడి లెక్క రాయమన్నాను: డైపర్ ఎన్ని గంటలకి మార్చారు, ఎంత తడిసింది, పక్క కూడా తడిసిందా అని. ఆ నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి. ఇవాళ దాంతో పనుంది.

ముందు నా తప్పు చెబుతాను. మా అత్తగారికి 82 ఏళ్ళు. పక్షవాతం వచ్చాక ఒంటేలు ఆపుకోలేరు. రెండేళ్ళ కిందట మే నెలలో ఓ పొద్దున డైపర్ విప్పగానే ముక్కులు అదిరిపోయే వాసన. ఇన్‌ఫెక్షనే అనుకుని టెన్షన్‌తో డైపర్‌లో వేసిన గుడ్డని పిండి, ఆ మూత్రమే ల్యాబ్‌కి పంపాను. కల్చర్‌లో (మూత్రంలోని బాక్టీరియాని పెంచి చూసే పరీక్ష) మూడు రకాల బాక్టీరియా అని వచ్చింది. యాంటీబయోటిక్ మొదలైంది, దాంతోపాటు విరేచనాలూ మొదలయ్యాయి. నాలుగు రోజుల తర్వాత తెలిసిందేమిటంటే, మాటిమాటికీ నాతో డైపర్ మార్పించడం ఇష్టంలేక ఆవిడ మంచినీళ్ళు తాగడం తగ్గించేశారు. మూత్రం చిక్కబడింది, వాసన వచ్చింది. అంతే.

అన్ని రకాలు కలిసి పెరిగాయంటే చాలాసార్లు అవి చర్మం మీదివీ, మలంలోవీ. శాంపిల్ పాడైందని అర్థం.

ఇక అసలు విషయం. వృద్ధాశ్రమాల్లో ఉండే ఆడవాళ్ళలో 25 నుంచి 50 శాతం మందికి, మగవాళ్ళలో 15 నుంచి 40 శాతం మందికి ఏ బాధా లేకుండానే మూత్రంలో బాక్టీరియా ఉంటుంది. క్యాథెటర్ (మూత్రాశయంలోకి పెట్టే గొట్టం) నెలల తరబడి ఉన్నవాళ్ళలో దాదాపు అందరికీ ఉంటుంది. రిపోర్టులో కనిపించే పస్ సెల్స్ (చీము కణాలు) కూడా వీళ్ళలో మామూలే. అందుకే అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, బాధలేమీ లేని వృద్ధులకి మూత్ర పరీక్ష చేసి బాక్టీరియా కోసం వెతకొద్దని చెప్పింది. వెతికితే దొరుకుతుంది, దొరికితే మందు వేయాలనిపిస్తుంది.

కాబట్టి సీసా కంటే ముందు మనిషిని చూడండి. మూత్రం పోసేటప్పుడు కొత్తగా మంట, పొత్తికడుపులో నొప్పి, పక్కటెముకల కింద వీపు వైపు నొప్పి, మూత్రంలో రక్తం, జ్వరం: ఇవి లెక్కలోకి వస్తాయి. రోజూ 97 ఉండే పెద్దావిడకి 99.5 దాటితే జ్వరంగానే చూడండి, 100 కోసం ఆగకండి. నోట్‌బుక్‌లో రోజుకి ఐదు డైపర్లు ఉన్నచోట ఉన్నట్టుండి తొమ్మిది అయితే అదీ లక్షణమే. ఎప్పటినుంచో ఉన్న తడి మాత్రం కాదు.

మనిషి అయోమయంగా మాట్లాడుతున్నారంటే వెంటనే యూరిన్ ఇన్‌ఫెక్షన్ మీదికి తోసేయడం మనకి అలవాటు. నీళ్ళు ఎన్ని తాగారు, మోషన్ అయిందా, కొత్త మాత్ర ఏదైనా మొదలైందా అని చూసి డాక్టర్‌కి చెప్పండి. చలి పుట్టించే జ్వరం, వదలని మగత, వాంతులు, మూత్రం బాగా తగ్గిపోవడం ఉంటే మాత్రం ఈ పాఠం పక్కన పడేసి ఆసుపత్రికి వెళ్ళండి.

డాక్టర్ శాంపిల్ అడిగారనుకుందాం. నోట్‌బుక్ తెరవండి. మా అత్తగారికి రోజూ పొద్దున ఏడుంబావు ప్రాంతంలో డైపర్ తడుస్తుంది. అంటే ఏడింటికల్లా ముందు నుంచి వెనక్కి శుభ్రంగా కడిగి, కమోడ్ కుర్చీలో కూర్చోబెట్టాలి. మొదటి ధార వదిలేసి, నడిమి ధారని ల్యాబ్ ఇచ్చిన డబ్బాలో పట్టాలి. రెండు రోజులు ఓపిక పడితే మూడోరోజు దొరుకుతుంది. మగవాళ్ళకైతే కడిగిన తర్వాత కొత్త కండోమ్ క్యాథెటర్ (లోపలికి వెళ్ళకుండా పైన తొడిగే తొడుగు), కొత్త సంచి పెట్టి అందులో పడిన మూత్రం తీసుకోవచ్చు. ఏదీ కుదరకపోతే నర్సు సన్నటి గొట్టం పెట్టి తీసి, గొట్టం వెంటనే తీసేస్తారు. ఎప్పుడూ క్యాథెటర్ ఉండేవాళ్ళకి సంచిలోంచి పట్టకూడదు. పాతది మార్చించి, కొత్తదాంట్లోంచి తీయించాలి. డబ్బా రెండు గంటల్లో ల్యాబ్‌కి చేరాలి. లేదంటే ఫ్రిజ్‌లో (ఫ్రీజర్‌లో కాదు) పెట్టి 24 గంటల లోపు చేర్చాలి. మూత బిగించి కవర్లో చుట్టండి, పక్కనే ఇడ్లీ పిండి ఉంటుంది కదా.

మెడికల్ షాపులో దొరికే, మూత్రంలో ముంచి రంగు చూసే స్ట్రిప్ గురించి ఒక్కమాట. దానిమీద బాక్టీరియా ఆనవాలు చూపే నైట్రైట్ గడి రంగు మారాలంటే మూత్రం సుమారు నాలుగు గంటలు మూత్రాశయంలో నిలవాలి. చుక్కచుక్కగా కారిపోయేవాళ్ళలో అది నిలవదు, బాక్టీరియా ఉన్నా గడి మారకపోవచ్చు. మారినా ఇన్‌ఫెక్షన్ అని తేలదు, ఏ బాధా లేకుండానే బాక్టీరియా ఉండొచ్చని పైన చెప్పాను కదా. నేను కొనడం మానేశాను.

ఈవారం అభ్యాసం: 78 ఏళ్ళ తాతగారు, రోజూ డైపరే. నిన్నటి నుంచి మూత్రం మడ్డిగా ఉంది, వాసన ఉంది. జ్వరం లేదు, మంట లేదు, అన్నం తింటున్నారు, మోషన్ కాక మూడు రోజులైంది. ఇవాళ ఏం చేస్తారు, ఏ గుర్తు కనిపిస్తే మనసు మార్చుకుంటారు? నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. నా జవాబు 5వ పాఠం మొదట్లో.