ఆవకాయ లేబుల్: "ఏదో తగ్గింది" అనడం మానేశాక

మా ఆవకాయ సీసాల లేబుల్ చేస్తున్న డిజైనర్ కుర్రాడికి నాలుగుసార్లు ఒకటే చెప్పాను: "బాగుంది కానీ ఏదో తగ్గింది." పాపం, ప్రతిసారీ రంగు మార్చి పంపేవాడు.

ఐదోసారి ఫోన్‌లో చూడకుండా, అసలు సైజులో ప్రింట్ తీసి సీసాకి అంటించి, ఆరడుగుల దూరంలో నిలబడ్డాను. రంగు బాగానే ఉంది. పేరులోని ఒత్తులు కింది లైనుకి తగిలి చదవడానికే రావట్లేదు! ఫొటో తీసి పంపాను: "దూరం నుంచి పేరు చదవగలగాలి. ఎలా సర్దుతావో నీ ఇష్టం తమ్ముడూ."

ఇంట్లోవాళ్ల మాటలన్నీ ఒకే మెసేజ్‌లో పెట్టాను. (అత్తయ్య నెమలి బొమ్మ అడిగింది, అది నేనే ఆపేశాను.) లేబుల్ మీద వేయాల్సిన 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు, శాకాహారం గుర్తు పచ్చచుక్క మొదట్లోనే చెప్పాల్సింది, అది నా తప్పే.

లైన్ల మధ్య ఖాళీ పెంచి గంటలో పంపేశాడు.