యూకేలో మెడిసిన్‌కి అప్లై చేసే ముందు వర్క్ ఎక్స్‌పీరియన్స్: డాక్టర్ అంకుల్ కోసం వెతకడం ఆపండి

మా అమ్మాయి ఇయర్ 12లోకి (మన ఇంటర్ మొదటి ఏడాది లాంటిది) రాగానే, మెడిసిన్ అప్లికేషన్‌కి కావాల్సిన వర్క్ ఎక్స్‌పీరియన్స్ కోసం నేను చేసిన మొదటి పని, మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో "హాస్పిటల్‌లో ఎవరైనా కన్సల్టెంట్ తెలుసా అండీ" అని అడగడం. ముగ్గురు డాక్టర్లు దొరికారు, ముగ్గురూ మంచివాళ్లే, "చూద్దాం" అన్నారు. చూస్తూ చూస్తూ నాలుగు నెలలు గడిచాయి. చివరికి తేలిందేంటంటే, హాస్పిటల్లో ఎవరు తెలిసినా సరే, అక్కడి వర్క్ ఎక్స్‌పీరియన్స్ ఆఫీసు ద్వారానే ఫారం నింపి రావాలట, ఆ ఏడాది ఫారాల గడువు అప్పటికే అయిపోయిందట. ఆ నాలుగు నెలలు మీకు మిగలాలనే ఇదంతా రాస్తున్నాను.

అసలు యూనివర్సిటీలకు కావాల్సింది మీ పిల్ల ఆపరేషన్ చూసిందా లేదా అన్నది కాదు. జబ్బుతో ఉన్నవాళ్లతో, ముసలివాళ్లతో, చిరాకులో ఉన్నవాళ్లతో ఎలా మెలగాలో కొంచెమైనా తెలుసుకుందా, ఈ పనిలో ఉండే కష్టం కళ్లారా చూసి కూడా రావాలనుకుంటోందా, అంతే. హాస్పిటల్లోనే చేయాలన్న రూల్ లేదని మెడికల్ స్కూల్స్ కౌన్సిల్ (యూకే మెడికల్ కాలేజీల సంఘం) వాళ్లే చెబుతారు. కేర్ హోమ్ (ముసలివాళ్లు ఉంటూ సంరక్షణ పొందే చోటు), వికలాంగ పిల్లల క్లబ్బు, ప్రథమ చికిత్స నేర్పే సెయింట్ జాన్ ఆంబులెన్స్ క్యాడెట్లు, చివరికి శనివారాలు సూపర్ మార్కెట్ కౌంటర్లో ఉద్యోగం కూడా చెప్పుకోదగ్గదే, ఎందుకంటే కోపంగా వచ్చిన మనిషిని చల్లబరచడం అక్కడ కూడా నేర్చుకుంటారు. మన ఇళ్లలో ఇంకోటుంది, పెరటి చెట్టు మందుకి పనికిరాదన్నట్టు దాన్ని లెక్కలోకే తీసుకోం: ఇంట్లో నాయనమ్మకి షుగర్ చూసి, మాత్రలు గుర్తుచేసి, జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) దగ్గర తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మాట చేరవేసిన పిల్ల చేసింది కూడా అనుభవమే, రాయొచ్చు.

నన్నడిగితే మాత్రం కేర్ హోమే మొదటి ఎంపిక. ఈమెయిల్ పెట్టి కూర్చోకండి, జవాబు రాదు. పిల్లనే స్వయంగా వెళ్లి అడగమనండి, మీరు పక్కన నిలబడి మాట్లాడకండి. మేనేజర్‌నో, అక్కడ ఆటలు, పాటలు, బింగో నడిపించే యాక్టివిటీస్ కోఆర్డినేటర్‌నో అడిగితే పని తొందరగా అవుతుంది, ఎందుకంటే పనికి మనుషులు తక్కువై నలిగిపోయేది వాళ్లే. "ఒక వారం వస్తాను" అనకుండా "ఆరు నెలలు, ప్రతి శనివారం రెండు గంటలు వస్తాను" అనమనండి. పదహారు దాటితే వాళ్లు డీబీఎస్ చెక్ (నేరచరిత్ర ఏమైనా ఉందేమో చూసే తనిఖీ) అడగొచ్చు, దానికి కొన్ని వారాలు పట్టొచ్చు కాబట్టి ముందే మొదలుపెట్టండి.

హాస్పిటల్ కూడా కావాలనుకుంటే మీ దగ్గరి ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్ట్ (ప్రభుత్వ హాస్పిటళ్లు నడిపే సంస్థ) వెబ్‌సైట్లో వర్క్ ఎక్స్‌పీరియన్స్ పేజీ చూడండి, వయసు ఎంత ఉండాలో, ఫారాలు ఎప్పుడు తీసుకుంటారో అక్కడే ఉంటుంది. ఎక్కడా దొరక్కపోతే టెన్షన్ పడొద్దు, రాయల్ కాలేజ్ ఆఫ్ జీపీస్ వాళ్ల "అబ్జర్వ్ జీపీ" వీడియోలు, బ్రైటన్ అండ్ ససెక్స్ మెడికల్ స్కూల్ వాళ్ల వర్చువల్ కోర్సు రెండూ ఆన్‌లైన్లో ఉచితమే.

ఇక అసలు సంగతి, డైరీ. ఇంటికొచ్చిన రోజే ఐదారు వాక్యాలు రాయించండి: ఏం జరిగింది, నాకేమనిపించింది, ఎందుకలా అనిపించింది, మళ్లీ జరిగితే ఏం చేస్తాను. పేర్లు, గది నంబర్లు రాయకూడదు. మా అమ్మాయి వెళ్లిన చోట డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న ఒకావిడ గంటకి నాలుగుసార్లు "మా ఆయన ఎప్పుడొస్తాడు" అని అడిగేది, ఆయన పోయి చాలా ఏళ్లయింది. కేరర్ ప్రతిసారీ "పోయాడు" అని చెప్పకుండా, "ఆయన ఎలాంటివాడో చెప్పండి" అని పక్కన కూర్చునేది. మా పిల్ల ఇంటికొచ్చి "అమ్మా, అది అబద్ధం చెప్పినట్టు కాదా?" అంది. రాత్రి పన్నెండు దాకా దాని మీదే వాదించుకున్నాం, నేను ఒప్పుకోలేదు, అది ఒప్పుకోలేదు. ఏడాది తర్వాత ఇంటర్వ్యూలో పేషెంటుకి నిజం చెప్పడం గురించి అడిగితే, అదెక్కడా తడుముకోకుండా ఆవిడ గురించే చెప్పింది. నేను ఆ ముగ్గురు డాక్టర్ల చుట్టూ తిరిగి ఒక వారం షాడోయింగ్ (డాక్టర్ వెంట ఉండి పని చూడటం) సంపాదించి ఉంటే ఇది దొరికేది కాదు.

సెలవులకి ఇండియా వెళ్లినప్పుడు మావయ్య నర్సింగ్ హోంలో ఆపరేషన్ థియేటర్ చూపించేస్తే సరిపోతుందనుకునేవాళ్లు మనలో బోలెడుమంది. దాన్ని గొప్పగా రాస్తే "పేషెంటు ఒప్పుకున్నారా?" అనే ప్రశ్న రావచ్చు, జవాబు లేకపోతే ఉన్న పరువు పోతుంది. దానికంటే ఓపీ బయట ఒక పూట కూర్చోమనండి, పల్లె నుంచి వచ్చినవాళ్లు ఏం అడుగుతున్నారో, డాక్టర్‌కి ఒక్కొక్కరితో ఎంతసేపు దొరుకుతోందో చూసి ఇక్కడి జీపీతో పోల్చి రాసుకుంటే అది సొంత ఆలోచన అవుతుంది.

టైం సంగతి. మెడిసిన్‌కి యూకాస్ (యూనివర్సిటీ అప్లికేషన్లన్నీ వెళ్లే సంస్థ) గడువు అక్టోబర్ 15 సాయంత్రం 6 గంటలు, మిగతా చాలా కోర్సుల్లా జనవరి కాదు, మెడిసిన్‌కి నాలుగు యూనివర్సిటీలే పెట్టుకోవచ్చు. దానికి ముందు వేసవి అంతా యూక్యాట్ అనే మెడిసిన్ ప్రవేశ పరీక్ష తినేస్తుంది. అంటే జీసీఎస్ఈలు (మన పదో తరగతి లాంటి పరీక్షలు) జూన్‌లో అయిపోయాక వచ్చే పొడుగు సెలవుల్లో మొదలుపెట్టి, ఇయర్ 12 మొత్తం కొనసాగిస్తేనే సుఖం. 2026 ప్రవేశాల నుంచి పర్సనల్ స్టేట్‌మెంట్ (అప్లికేషన్‌తో పాటు పిల్లలు తమ గురించి రాసేది) ఒకే వ్యాసంలా కాకుండా మూడు ప్రశ్నలుగా మారింది, మొత్తం 4,000 అక్షరాలు, ఒక్కోదానికి కనీసం 350. చదువు బయట ఏం చేశావు, అది ఎందుకు పనికొస్తుంది అనేది మూడో ప్రశ్న, డైరీ తీసేది అక్కడే. చేసినవన్నీ జాబితా రాయొద్దు, రెండు మూడు సంఘటనలు చాలు. కొన్ని యూనివర్సిటీలు స్టేట్‌మెంట్‌కి మార్కులే వేయవు కానీ ఇంటర్వ్యూలో అడుగుతాయి, కాబట్టి డైరీ పారేయకండి.

చివరి రోజు మేనేజర్ దగ్గర తేదీలు, గంటలు వేయించి ఒక ఉత్తరం తీసుకోండి. మేం మర్చిపోయాం, ఆర్నెల్ల తర్వాత వెళ్తే ఆ మేనేజర్ మారిపోయారు.